గండికోట లోయకు ఒంటరిగా వెళ్ళే మీ అబ్బాయి: ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు



వరండాలో బెంచీ మీద కూర్చుని ఈ పుస్తకం తిరగవేస్తున్న మీకు లోయలు, టెంట్లు, పక్షులు అనే మాటలు చూడగానే "ఇవన్నీ మనకెందుకులే" అనిపించవచ్చు. కాని మా క్యాజువాలిటీకి ఈ కొన్నేళ్ళుగా ఒక కొత్త రకం రోగులు వస్తున్నారు. పాతికేళ్ళ వయసు, మంచి ఉద్యోగం, వీపున పెద్ద సంచి, మెడలో దుర్భిణి. శనివారం ఒక్కరే బయలుదేరి లోయ దగ్గర టెంటు వేసుకొని, ఆదివారం లోయలోకి దిగి, పక్షులను జంతువులను చూచి, సోమవారం పనిలో చేరాలని అనుకున్నవారు. గొర్రెలు కాచుకునే మనిషో, ఆటో డ్రైవరో తీసుకువచ్చి మంచం మీద పడుకోబెడతారు. మేము వారి ఫోనులో "అమ్మ" అని ఉన్న నంబరు వెదకి మాట్లాడితే, "మావాడు బెంగుళూరులో రూములోనే ఉన్నాడు కదా సిస్టరమ్మా! మీరు ఎవరినో చూచి ఎవరో అనుకుంటున్నారు" అని ఆ తల్లి అంటుంది.

ఆ తల్లి తప్పు లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెబితే వద్దంటుందని చెప్పలేదు. ఈ పాఠమంతా వ్రాయటానికి కారణం ఇదే. "ఒంటరిగా పోవద్దు" అని చెప్పటం సులువు. కాని వద్దన్నంత మాత్రాన పిల్లలు ఆగటం లేదు, చెప్పకుండా పోతున్నారు. లోయలో ఒంటరిగా ఉన్న మనిషికి ప్రమాదం జరిగితే ప్రాణం నిలిచేది, అతడు ఎక్కడ ఉన్నాడో, ఎప్పటికి రావాలో ఎవరికైనా తెలిసి ఉంటేనే. అందుచేత వాదన మాని, వివరాలు అడగండి. ఏకాంతం కోరుకోవటం చెడ్డ బుద్ధి కాదు. మన ప్రభువు సైతం జనసమూహాన్ని విడిచి కొండకు ఒంటరిగా వెళ్ళి ప్రార్థన చేసుకునేవారు. అయితే శిష్యులకు ఆయనను ఎక్కడ వెదకాలో తెలిసి ఉండేది.

గండి అంటే ఏమిటి?

నది కొండను కోసుకొని పారిన ఇరుకు సందును మన పెద్దలు గండి అన్నారు. కడప జిల్లాలో జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో పెన్నా నది ఎర్రమల కొండలను అలా కోసింది. ఆ గండి ఒడ్డున ఉన్న కోట గనుక గండికోట. పెమ్మసాని నాయకులు ఏలిన కోట అది. లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం ఉన్నాయి. కోట వెనుకకు నడిచి వెళ్తే నేల ఒక్కసారిగా తెగిపోయి, నిలువుగా నిలిచిన ఎర్రని రాళ్ళ గోడలు, అడుగున నీరు కనబడతాయి. ఆ గోడలు దాదాపు 300 అడుగుల ఎత్తు. అమెరికాలోని లోయతో పోల్చి దీనిని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని పిలవటం మొదలైన తరువాత జనం బాగా పెరిగారు. దగ్గరలోనే టెంట్లు అద్దెకిచ్చే స్థానికులు ఉన్నారు. టూరిజం వారి హరిత హోటలు కూడా ఉంది.

కొండకూ లోయకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మనకు అలవాటైనది కొండ. తిరుమల మెట్లు గాని, అహోబిలం కొండ గాని, ముందు ఎక్కుతాము, తరువాత దిగుతాము. అలసట మొదటే తెలుస్తుంది. ఓపిక లేకపోతే సగంలోనే వెనుకకు వస్తాము. లోయలో ఇది తిరగబడుతుంది. ఉదయం చల్లగా, ఒంట్లో ఓపిక ఉండగా సులువుగా దిగుతారు. "ఇంతేనా!" అనిపిస్తుంది. ఎండ నెత్తికెక్కాక, నీళ్ళు సగమైపోయాక, కాళ్ళు పీకుతుండగా ఎక్కవలసి వస్తుంది. రాళ్ళు పొద్దున్నుంచి వేడిని తాగి తిరిగి మన మీదకే వదులుతాయి. గాలి ఆడదు. బయట 36 డిగ్రీలు ఉన్న రోజున ఆ రాళ్ళ నడుమ ఒంటికి తగిలే వేడి అంతకంటే చాలా ఎక్కువ. లోయలో వడదెబ్బ తగిలినవారిని అడిగి చూడండి, ఎక్కువ మంది దిగేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడే పడిపోయామంటారు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి. దిగటానికి ఒక గంట పడితే ఎక్కటానికి రెండు గంటలు పెట్టుకోవాలి. నీళ్ళలో మూడవ వంతు అయిపోగానే వెనుకకు తిరగాలి. తెల్లవారుజామున 5.30కు బయలుదేరినవారు 10 గంటలకల్లా పైన నీడలో ఉండాలి. నవంబరు నుండి జనవరి చివరి వరకు ఈ లోయకు అనుకూలమైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లాలో 40 డిగ్రీలు దాటటం మామూలు. ఆ నెలల్లో లోయలోకి దిగటం వినోదం కాదని నా గట్టి అభిప్రాయం.

నీళ్ళు, ఉప్పు, తెలివి

నడిచేటప్పుడు గంటకు అర లీటరు నుండి ముప్పావు లీటరు వరకు నీళ్ళు కావాలి. అంటే ఒక పూటకు కనీసం మూడు నాలుగు లీటర్లు మోసుకొని పోవాలి. అడుగున నది ఉంది కదా అని సీసా ఒక్కటి పట్టుకొని పోయేవారు ఉన్నారు. ఆ నీటిలో పశువులు దిగుతాయి, మనుషులు దిగుతారు. కాచకుండా తాగితే ఆ రాత్రే విరేచనాలు. టెంటులో ఒంటరిగా ఉన్నవాడికి విరేచనాలు పట్టుకుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

వట్టి నీళ్ళే అదేపనిగా తాగటం కూడా ప్రమాదమే. చెమటతో ఉప్పు పోతుంది. ఉప్పు పోయి నీళ్ళు మాత్రమే లోపలికి చేరితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక, చివరకు ఫిట్స్ కూడా వస్తాయి. చూడటానికి వడదెబ్బలాగే ఉంటుంది. అందుచేత సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు మూడు తప్పక ఉండాలి. ఒక పెద్ద ప్యాకెట్టును ఒక లీటరు నీటిలోనే కలపాలి. సీసా చిన్నదని సగం నీటిలో మొత్తం పొడి పోయరాదు. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి వేయండి. తినటానికి ఉప్పు వేసిన బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం చాలా మంచివి. షాపుల్లో దొరికే ఖరీదైన బిస్కెట్ల కంటే ఇవే మేలు. గుండెజబ్బు, కిడ్నీజబ్బు ఉన్నవారు నీళ్ళు, ఉప్పు ఎంత తీసుకోవాలో ముందుగా డాక్టరును అడగాలి.

వడదెబ్బ మొదట దెబ్బ తీసేది తెలివిని. ఒంటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేసరికి మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, తప్పుదోవన నడుస్తాడు, సంచి పారేస్తాడు, "నాకేం కాలేదు" అంటాడు. ఇద్దరు ఉంటే రెండవవాడు గమనిస్తాడు. ఒంటరిగా ఉంటే గమనించేవారు లేరు. తనకు తెలివి తప్పుతున్నదని తనకే తెలియదు. ఒంటరితనంలో నన్ను అన్నిటికంటే భయపెట్టే సంగతి ఇదే. పాములు, ఎలుగుబంట్లు దీని తరువాతే.

ఇక్కడ ఇంటివారు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఫలానా గంటకు ఫోను చేయాలని ముందే మాట తీసుకోండి. ఫోను వస్తే "బాగున్నావా?" అని ఊరుకోకండి. బాగున్నాననే అంటాడు. "ఎన్ని లీటర్లు తాగావు? మూత్రం ఎప్పుడు పోశావు? ఏ రంగులో ఉంది? ఇప్పుడు నీ ముందు ఏం కనబడుతున్నది?" అని అడగండి. మాట ముద్దగా ఉన్నా, జవాబు తడబడినా, నవ్వవలసిన చోట కోపం వచ్చినా, వెంటనే నీడలో కూర్చోమని, చొక్కా తడుపుకోమని, కదలవద్దని చెప్పి, లైను కట్ చేయకుండా ఇంట్లో మరొకరి ఫోనుతో 108కి చెప్పండి.

దగ్గర ఉన్నవారు చేయవలసినది ఇది. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరాలి. ఐసు దొరికితే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టాలి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేయకండి. వడదెబ్బ వేడికి పారాసిటమాల్ పనిచేయదు. ఆసుపత్రికి చేర్చే తొందరలో చల్లబరచటం మరువకండి. దారి పొడుగునా తడుపుతూనే ఉండాలి.

ఒంట్లో ముందే జబ్బు ఉన్నవారి గురించి మీలో చాలామంది అడుగుతుంటారు. మూర్ఛ ఉన్నవారు ఒంటరిగా లోయ అంచుకు, నీటి దగ్గరకు పోరాదు. నిద్ర చెడినా, ఒక పూట మాత్ర మరచినా ఫిట్స్ రావచ్చు. సుగరుకు ఇన్సులిన్ వాడేవారికి నడకతో సుగరు ఒక్కసారిగా పడిపోతుంది. జేబులో గ్లూకోజు గాని బెల్లం ముక్క గాని ఉండాలి. ఇన్సులిన్ ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే పాడవుతుంది. బి.పి.కి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవారు, మానసిక వ్యాధులకు మందులు వాడేవారు ఎండకు త్వరగా లొంగిపోతారు. వీరు మందులు తామే మానుకోకూడదు. వెళ్ళే ముందు డాక్టరుతో మాట్లాడాలి. సారా, బీరు తాగి లోయ అంచున కూర్చోవటం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

పక్షులను, జంతువులను చూచేటప్పుడు

జంతువులు ఎండ విషయంలో మనకంటే తెలివిగలవి. పొద్దున్నే, సాయంత్రం బయటకు వస్తాయి, మధ్యాహ్నం నీడన పడుకుంటాయి. వాటిని చూడాలన్నా ఆ వేళలే మంచివి, మన ఆరోగ్యానికీ ఆ వేళలే మంచివి. తెల్లవారేటప్పుడు ఒకచోట కదలకుండా అరగంట కూర్చున్నవారికి నెమళ్ళు, గద్దలు, రాతి సందుల్లో గూళ్ళు కట్టుకునే పిట్టలు, రాళ్ళ మీద తలలాడించే తొండలు, అదృష్టం ఉంటే ఉడుము, కుందేలు కనబడతాయి. పది కిలోమీటర్లు తిరిగినవాడి కంటే ఒకచోట కూర్చున్నవాడే ఎక్కువ చూస్తాడు. దేవుని సృష్టిని చూడటానికి పరుగు అవసరం లేదు.

దుర్భిణి కళ్ళకు పెట్టుకొని నడవటం మాత్రం చాలా ప్రమాదం. గద్ద ఎగురుతుంటే దానితోపాటు మనిషి కూడా రెండడుగులు వేస్తాడు. గండికోట అంచున చాలాచోట్ల కంచె లేదు. సెల్ఫీ తీసుకుంటూ వెనుకకు అడుగు వేసేవారిదీ ఇదే కథ. చూడాలంటే కూర్చోండి, నడవాలంటే దుర్భిణి మెడలో వదలండి అని మీ పిల్లలకు చెప్పండి. కూర్చునే ముందు రాయిని కర్రతో తట్టి చూడాలి. కనబడని సందులో చేయి పెట్టి పైకి ఎక్కరాదు.

కోతులను ముచ్చటపడి దగ్గరకు పిలవకండి. చేతిలో సంచి ఉంటే అందులో తిండి ఉన్నదనే వాటి నమ్మకం. కోతి కరచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టరాదు. అదే రోజు ఆసుపత్రికి వచ్చి రేబిస్ టీకా మొదలు పెట్టించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తరువాత 3వ, 7వ, 28వ రోజులలో వేస్తారు. గాయం నుండి రక్తం వచ్చి ఉంటే టీకాతోపాటు గాయం చుట్టూ వేసే మరొక మందు, ఇమ్యూనోగ్లోబ్యులిన్, కూడా అవసరం. గాయం మానింది కదా అని టీకాలు మధ్యలో ఆపేవారు మాకు చాలామంది తగులుతారు. రేబిస్ లక్షణాలు మొదలైన తరువాత మనిషిని బ్రతికించే మందు మా దగ్గర లేదు.

కొండ తేనెటీగలు రాతి గోడలకు పెద్ద పెద్ద పట్టులు కడతాయి. పొగ, సెంటు వాసన, రాయి విసరటం, ఇవి వాటిని రేపుతాయి. అవి లేస్తే నిలబడి చేతులు విసరరాదు. ముఖం, తల బట్టతో కప్పుకొని దూరంగా పోవాలి, అయితే అంచు ఎటు ఉన్నదో చూసుకొని. ముళ్ళను గోటితో గాని కార్డుతో గాని త్వరగా గీకి తీసివేయాలి. పెదవులు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి బిగిసినా అది ఎలర్జీ, నిమిషాల మీద పని. అలాగే ఎక్కువ కాట్లు పడినవారు బాగానే ఉన్నట్టు కనబడినా ఆసుపత్రికి రావాలి.

మన జిల్లాలోనే ఒక అరుదైన పక్షి ఉంది, కలివికోడి. 1900 తరువాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్నది 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడింది. అది రాత్రివేళ తిరిగే పక్షి. దానిని చూడాలని రాత్రి టార్చిలైటు పట్టుకొని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలోకి ఒంటరిగా పోవాలని కొందరు కుర్రవాళ్ళకు ఆశ. అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగు పెట్టటం నేరం. నల్లమల వైపు ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. ఎలుగుబంటి చీల్చిన ముఖానికి కుట్లు వేయటం చూచినవారెవరూ ఆ సాహసం చేయరు.

రాత్రి టెంటులో

టెంటు లోయ అడుగున వేయకూడదు. ఎక్కడో పైన వాన పడినా, జలాశయం గేట్లు ఎత్తినా నీరు పెరుగుతుంది. అంచుకు దగ్గరగా కూడా వేయకూడదు. రాత్రి మూత్రానికి లేచినవాడు నిద్రమత్తులో ఎటు నడుస్తాడో చెప్పలేము. మనుషులు ఉండే చోట, స్థానికులు టెంట్లు వేసే మైదానంలోనే వేసుకోవాలి. అక్కడ వేసుకుంటే ఒంటరితనం పోదు, ప్రాణానికి తోడు మాత్రం ఉంటుంది. ఆడపిల్లలు వెళ్ళేటట్లయితే ఈ మాట మరీ ముఖ్యం.

చలిగా ఉన్నదని టెంటు లోపల స్టవ్వు, బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోకూడదు. రంగు, వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తిండి టెంటులో ఉంచితే ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. బూట్లు లోపలే పెట్టుకొని, ఉదయం విదిలించి తొడుక్కోవాలి. తేలు కుట్టి నొప్పి మాత్రమే ఉంటే అంత భయం లేదు. చల్లని చెమటలు, వాంతులు, గుండెదడ, ఆయాసం వస్తే అది గుండె మీద పనిచేసే ఎర్ర తేలు కావచ్చు, వెంటనే తీసుకురండి.

కట్లపామును గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నేల మీద పడుకున్నవారికి దానితోనే ఎక్కువ ప్రమాదం. అది రాత్రివేళ తిరుగుతుంది. కరిస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. నిద్రలో దోమ కుట్టిందనుకుంటారు. ఒకసారి మా వార్డుకు వచ్చిన విద్యార్థి టెంటులో ఉక్కగా ఉన్నదని బయట చాప వేసుకొని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి మొదలైంది. రాత్రి తిన్న బిర్యానీ పడలేదనుకొని గ్యాసు మాత్ర వేసుకున్నాడు. పక్క టెంటువారు వచ్చి "ఏమిటి బాబూ, అలా కళ్ళు వాలిపోతున్నాయి?" అన్నారు. ఆ ఒక్క మాట అతడిని కాపాడింది. వారే కారులో తీసుకొచ్చారు. మా దగ్గరకు వచ్చేసరికి గుటక పడటం లేదు. ఆ పూటే వెంటిలేటరు పెట్టవలసి వచ్చింది.

మీరు ఐ.సి.యు. బయట కూర్చునేవారు గనుక ఇది వినండి. కట్లపాము విషంతో కండరాలు పడిపోతాయి. కళ్ళు తెరవలేరు, వేలు కదపలేరు. చూచినవారు ప్రాణం పోయిందనుకుంటారు. కాని చాలామందికి స్పృహ ఉంటుంది, మాటలు వినబడతాయి. ఆ అబ్బాయి తల్లి మంచం పక్కన నిలబడి "నన్ను వదిలి పోయావా నాయనా" అని ఏడుస్తుంటే మేము ఆమె చేయి పట్టుకొని, "వాడు వింటున్నాడమ్మా, ధైర్యం చెప్పండి" అన్నాము. ఆమె ఏడుపు మింగుకొని, ఇంటి దగ్గర ఆవు ఈనిన సంగతి, చెల్లెలి పరీక్షల సంగతి చెప్పటం మొదలు పెట్టింది. నాలుగవ రోజుకు అతడు కళ్ళు తెరిచాడు. గొంతులోని గొట్టం తీసిన తరువాత అడిగిన మొదటి ప్రశ్న దూడ పెయ్యా, కోడెదూడా అని.

పాము కరిస్తే

మన ప్రాంతంలో ముఖ్యంగా ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఆసుపత్రులలో ఉండే విరుగుడు మందు ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. కాబట్టి పామును చంపి తీసుకురానక్కరలేదు, దాని వెంట పడి రెండవ కాటు తెచ్చుకోనక్కరలేదు. కాటు వేసిన గంట ఎంతో చెప్పండి, అది మాకు పాము రంగు కంటే ఎక్కువ ఉపయోగం. ఉంగరాలు, గడియారం, కడియాలు తీసివేయాలి. వాపు వస్తే అవి బిగుసుకుపోతాయి. కాలును గాని చేతిని గాని కర్రకు వదులుగా కట్టి కదలకుండా ఉంచాలి. గట్టిగా తాడు కట్టటం, కోయటం, నోటితో పీల్చటం, పసరు పోయటం, ఇవన్నీ మంచికంటే చెడు ఎక్కువ చేస్తాయి. తాడు బిగించి వచ్చినవారిలో విషం ఆగలేదు, కాలు మాత్రం నల్లబడింది.

ఒంటరిగా ఉన్నవాడు ఏం చేయాలి? పరుగెత్తకూడదు. ఫోను పనిచేస్తే కూర్చున్న చోట నుండే 108కి, టెంటువారికి, ఇంటికి చెప్పాలి. లోయ అడుగున సిగ్నలును నమ్మలేము. మాట పోకపోయినా మెసేజి పోవచ్చు. మెడలో ఈల ఉంటే ఆగి ఆగి మూడేసి సార్లు ఊదాలి. అరుపు కంటే ఈల దూరం వినబడుతుంది, గొంతు అలసిపోదు. ఎవరూ రాకపోతే మాత్రమే, నిదానంగా, ఆగుతూ నడవాలి. ఒక ఈల ఖరీదు టీ కంటే ఎంత ఎక్కువ? కొనివ్వండి.

ఆసుపత్రికి రాగానే మేము కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాము. "ప్రాణం పోతుంటే గొట్టం చూస్తూ కూర్చున్నారు" అని కొందరు కోప్పడతారు. 20 నిమిషాల తరువాత గొట్టం వంచితే రక్తం గడ్డకట్టి ఉండాలి. నీళ్ళలా కారితే పింజరి విషం ఎక్కిందని అర్థం. అప్పుడు విరుగుడు మందు సెలైనులో ఎక్కిస్తాము. ఆ మందుకు కొందరికి వణుకు, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. అందుకే పక్కనే నిలబడి చూస్తాము. మొదట ఏమీ కనబడకపోయినా 24 గంటలు ఉంచుకుంటాము. సాయంత్రానికి బాగున్నాడు కదా అని సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోయి, తెల్లవారి మూత్రంలో రక్తంతో తిరిగి తెచ్చినవారు ఉన్నారు. విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. దగ్గర ఏది ఉంటే అక్కడికే ముందు పోవాలి. మంత్రం వేయించి తరువాత వద్దాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే మానుకోండి.

ఇంట్లో ఉండవలసిన కాగితం

వెళ్ళేవారి చేత ఒక కాగితం మీద వ్రాయించి, దేవుని వాక్యం చదువుకునే చోట గాని, క్యాలెండరు మేకుకు గాని పెట్టించుకోండి. ఫోనులో పంపానంటారు. ఫోను చార్జింగు అయిపోతుంది, అమ్మకు మెసేజి తెరవటం రాదు. కాగితమే మేలు. ఏ ఊరు, లోయలోకి ఏ వైపు నుండి దిగుతాడు, బండి నంబరు, ఏ రంగు బట్టలు, టెంటు అద్దెకిచ్చినవారి ఫోను నంబరు, రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు వ్రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా పైకి వచ్చి ఫోను చేయవలసిన గంట వ్రాయాలి.

ఆ గంట దాటితే ఒక్క గంట చూడండి. చార్జింగు లేదేమో, నిద్రపోయాడేమో అనుకోవటానికి ఆ ఒక్క గంట చాలు. తరువాత టెంటువారికి చేయండి, వారు చూడలేమంటే 112కి చేయండి. కొడుకు పరువు పోతుందేమో, ఊరికే కంగారు పెట్టామంటారేమో అని సాయంత్రం దాకా ఆగేవారిని చూచాను. చీకటి పడితే ఆ రాళ్ళలో వెదకటం ఎవరి తరమూ కాదు. అనవసరంగా ఫోను చేశామని నవ్వితే నవ్వనివ్వండి.

మీ పిల్లలు అమెరికాలో ఉన్నా ఈ కాగితం పనికివస్తుంది. అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ మన గండికి ఎన్నో రెట్లు లోతు, దాదాపు ఒక మైలు. పైన చల్లగా ఉన్న రోజున కూడా అడుగున 20 ఫారన్‌హీట్ డిగ్రీల వరకు ఎక్కువ వేడి ఉంటుంది. నది దాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కాలని చూడవద్దని ఆ పార్కువారే హెచ్చరిస్తారు. లోపల రాత్రి ఉండాలంటే పర్మిట్ తీసుకోవాలి. అక్కడ జనాన్ని తరచుగా కరిచేవి సింహాలు, పాములు కావు, తిండి పెట్టబోయిన చేతిని కొరికే ఉడుతలు! ఇక్కడి కోతి పాఠమే అక్కడ ఉడుత పాఠం.

తిరిగి వచ్చిన తరువాత

క్షేమంగా ఇంటికి వచ్చాడు, స్నానం చేసి అన్నం తిన్నాడు. ఆ బట్టలు వేడి నీళ్ళలో ఉతకండి. ఒళ్ళంతా ఒకసారి చూసుకోమనండి. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి కనబడనంత చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. అది మన రాయలసీమలో ఉన్న జబ్బే. కుట్టిన పది, పన్నెండు రోజుల తరువాత, ఒక్కోసారి మూడు వారాలకు, జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు మొదలవుతాయి. అప్పటికి లోయ సంగతి అందరూ మరచిపోయి ఉంటారు. మలేరియా, డెంగీ పరీక్షలు చేయించి, ఏమీ లేదని తేలి, జ్వరం మాత్రం తగ్గక తిరుగుతుంటారు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

దీనికి గుర్తు ఒకటి ఉంది. చంకలో, నడుము దగ్గర పట్టీ ఉండే చోట, గజ్జలలో, రొమ్ముల కింద సిగరెట్టు కాల్చినట్టు చిన్న నల్లని పెచ్చు. నొప్పి ఉండదు గనుక రోగికి తెలియదు, సిగ్గుపడి చూపించరు. అందరికీ ఆ పెచ్చు ఉండదు కూడా. అందుచేత లోయకు వెళ్ళి వచ్చిన మూడు వారాలలో జ్వరం వస్తే, ఓ.పి.లో చీటీ వ్రాయించేటప్పుడే "గండికోటలో టెంటులో పడుకొని వచ్చాడు" అని చెప్పండి. డాక్సీసైక్లిన్ అనే చౌక మాత్రలు సమయానికి మొదలు పెడితే రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఏ మందు, ఎంత ఇవ్వాలో డాక్టరే నిర్ణయిస్తారు, షాపులో అడిగి కొనకండి.